విదుషీమణులు: వర్జీనియా గిల్డర్‌స్లీవ్

ఆడుపిల్లకు చదువు చెప్పించుట యొక యెత్తు. చదివిన పిల్లకు నిలువ చోటు చూపుట మరియొక యెత్తు. కూతురు పట్టపరీక్షయందు కృతార్థురాలైన దినమున ఇంటిల్లిపాదియు సంతసింతురు. కాని పిమ్మట ఆమె వైద్యము నేర్వవలెనన్నను, న్యాయశాస్త్రము చదువవలెనన్నను, ఉద్యోగము చేయుచు తల్లి కావలెనన్నను, ఎక్కడనో యొక తలుపు మూసి యుండుట కలదు. ఆ తలుపు ముందు నిలిచి గట్టిగా తట్టువారు కొందరు. లోపలివారితో మాటలాడి మెల్లగా గడియ తీయించువారు మరికొందరు. ఈ మాసమున మేము మా సోదరీమణులకు పరిచయము చేయు విదుషి ఈ రెండవ తెగకు చెందినది. ఆమె పేరు వర్జీనియా క్రోషెరాన్ గిల్డర్‌స్లీవ్. న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యాచార్యురాలుగను, అందు స్త్రీలకై యేర్పడిన బర్నార్డు కళాశాలకు 1911 మొదలు 1947 వరకు డీనుగను ఆమె పనిచేసెను.

ఆమె కథ తెలియవలెనన్న ముందుగా ఆ కళాశాల కథ కొంత తెలియవలెను. కొలంబియా కళాశాల పురుషులకు మాత్రమే యేర్పడినది. 1883లో అచటి యధికారులు స్త్రీలపై నొక వింతయైన దయ చూపిరి. ఎట్లనగా, స్త్రీలు ఇంటికడ చదువుకొని వచ్చి పరీక్షలు వ్రాయవచ్చునట. కాని ఉపన్యాసములు వినుటకు తరగతి గదిలోనికి మాత్రము రాకూడదట! వంటయింటిలోనికి రానీయక వంట రుచిగా లేదని నిందించినట్లున్నది గదా యీ న్యాయము. ఈ పద్ధతిని స్వయముగా ననుభవించిన యానీ నేథన్ మేయర్ అను యూదుజాతి యువతి, స్త్రీలకు వేరుగా నొక కళాశాల కావలయునని పట్టుబట్టి విరాళములు పోగుచేసెను. 1889లో ఆ కళాశాల యొక అద్దెయింటిలో ప్రారంభమయ్యెను. స్త్రీవిద్యను సమర్థించి, ఆ యేటనే మరణించిన కొలంబియా అధ్యక్షుడు ఫ్రెడరిక్ బర్నార్డు పేరు దానికి పెట్టబడెను. 1900లో అది కొలంబియా విశ్వవిద్యాలయమున నంతర్భాగమయ్యెను. విశ్వవిద్యాలయమున కంతటికిని అధ్యక్షుడు వేరుగా నుండుటచే, బర్నార్డు కళాశాల పెద్దకు డీను అను బిరుదే యుండెను.

వర్జీనియా 1877 అక్టోబరు 3వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి హెన్రీ గిల్డర్‌స్లీవ్ న్యాయమూర్తి. కలిగిన కుటుంబము, కాని దుఃఖమునకు కలిమి లేమి లేదు. 1891లో ఆమెకు ప్రాణసమానుడగు నన్న టైఫాయిడు జ్వరమున మరణించెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె బ్రేర్లీ పాఠశాలలో చదువు ముగించి, 1895లో బర్నార్డు కళాశాలయందు చేరి, తలిదండ్రుల యింటినుండియే వచ్చుచు పోవుచు 1899లో తన తరగతి కంతటికిని ప్రథమురాలుగా పట్టము నందెను. మరుసటి యేడు మధ్యయుగ చరిత్రమున యం.ఏ. పట్టము గైకొని, తాను చదివిన కళాశాలలోనే ఆంగ్లము బోధించు నుద్యోగమున ప్రవేశించెను. చిన్న తరగతుల బాలికలు వ్రాసి తెచ్చిన వ్యాసములు దిద్దుట ఆ పనిలో ముఖ్యభాగము. ఎట్టి యాచార్యులకైనను ఇది తొలిమెట్టు. ఒక్కొక్క వాక్యమును పట్టి చూచి, ఈ మాట యిచట నేల యని యడుగు నలవాటు ఆమెకు ఈ దిద్దుబాటులలోనే స్థిరపడియుండును. ఆ యలవాటు నలువదియైదేండ్ల పిదప ప్రపంచమున కక్కరకు వచ్చెను. ఆ సంగతి ముందు చెప్పెదము.

1908లో ఆమె కొలంబియాలో డాక్టరు పట్టము నందెను. ఆమె పరిశోధించిన విషయము మిక్కిలి యాసక్తికరమైనది: ఎలిజబెత్తు రాణి కాలమున ప్రభుత్వము నాటకములపై చలాయించిన యధికారము. షేక్‌స్పియరు మహాకవి కాలమున నాటకము లాడుటకు పూర్వము రాజాస్థానమున వినోదాధికారి యను నొక యుద్యోగికి నాటకప్రతి చూపి, యనుమతిచీటి పొందవలసి యుండెను. ఆయనకు నచ్చని పంక్తులు కొట్టివేయబడుచుండెను. 1572 నాటి చట్టము ప్రకారము, ఏ ప్రభువు నాశ్రయమును లేని నటులను దేశదిమ్మరులుగా నెంచి దండింప వచ్చును. ఆ రంగస్థలముపై స్త్రీలకు చోటే లేదు. స్త్రీపాత్రలు బాలురే ధరించెడివారు. ఎవరు అనుమతి నిత్తురు, ఎందుల కిత్తురు, ఎట్టి సందర్భమున కాదన్నవారు ఔనందురు అను విషయములను పాతకాగితములలో వెదకి గ్రంథము వ్రాసిన యీ విదుషి, తన తక్కిన జీవితమంతయు స్త్రీల కొరకై అట్టి యనుమతులనే సంపాదించుటలో గడపుట తటస్థించెను.

1911 ఫిబ్రవరిలో ఆమె డీను పదవి స్వీకరించెను. వయస్సు ముప్పదిమూడేండ్లు. ఆనాడు కొలంబియాలో స్త్రీకి దొరకు చదువు చాల వరకు బర్నార్డుతో నాగిపోవుచుండెను. వైద్య, న్యాయ కళాశాలలు స్త్రీల కందరానివి. ఆమె పద్ధతి యేమనగా, సభలలో కేకలు వేయుట గాదు. ఒక్కొక్క కళాశాల పెద్దను వేరువేరుగా కలిసికొని, ఆయన చెప్పు నడ్డంకి యేమో ముందు వినుట, పిదప ఆ యడ్డంకిని తొలగించుట. 1912లో పత్రికారచన కళాశాల తెరచినపు డామె ముందే జాగ్రత్తపడుటచే మొదటి యేటినుండియు స్త్రీలకు ప్రవేశము లభించెను.

వైద్యకళాశాల సంగతి వేరు. స్త్రీలకు వలసిన వసతులు లేవనియు, వానికి 50,000 డాలర్లు కావలెననియు అచటివారు చెప్పిరి. సొమ్ము లేదన్న సాకు చెప్పినవారికి సొమ్ము చూపుటకంటె మంచి ప్రత్యుత్తరము లేదు. గుల్లీ లిండ్ అను తన విద్యార్థిని వైద్యము చదువవలెనని తహతహలాడుచుండగా, డీను విరాళములకై ప్రయత్నించెను. దూరమున నున్న టెక్సాసు రాష్ట్రపు ధనికుడు జార్జి బ్రాకెన్‌రిడ్జి యిందులకు పెద్ద మొత్తము నొసగెను. 1917లో ఆ వైద్యకళాశాల స్త్రీలకు తెరువబడెను. 1921లో తుదిపరీక్షలు ముగిసినప్పుడు, ఆ పురుషుల తరగతిలో ప్రథమస్థానము నందినది గుల్లీ లిండే. వసతులు లేవన్నవారికి ఇంతకంటె వేరు సమాధాన మేల? న్యాయకళాశాల మరింత మొండికెత్తెను. అది 1927 వరకు లొంగలేదు. పురుషుల మూల కళాశాల యైన కొలంబియా కళాశాల 1983లో గాని స్త్రీలను చేర్చుకొనలేదు. అప్పటికి గిల్డర్‌స్లీవ్ గతించి పదునెనిమిది సంవత్సరములు కడచెను. తలుపు తీయించు పని యొక తరముతో ముగియదని మనకు దీనివలన తెలియుచున్నది.

ఇక గృహిణులమగు మనకు మిక్కిలి దగ్గరిదైన విషయమునకు వత్తము. బర్నార్డు కళాశాలకు మొదటి డీను ఎమిలీ జేమ్స్ స్మిత్ అను పండితురాలు. ఆమె 1899లో వివాహమాడెను. పెండ్లియైన స్త్రీ కళాశాల నేలుట ఆ దినములలో వింత; అయినను ధర్మకర్తలు సరే యనిరి. కాని మరుసటి యేట ఆమె గర్భవతి యగుటచే పదవి విడువవలసి వచ్చెను. విద్య చాలకకాదు, సామర్థ్యము చాలకకాదు, తల్లి కానున్నందువలన! గిల్డర్‌స్లీవ్ స్వయముగా వివాహము చేసికొనలేదు. అయినను తన కళాశాలలోని ఉపాధ్యాయినులకు ఈ దుర్గతి పట్టరాదని యామె తలంచెను. స్త్రీలకు బోధించు స్త్రీ గృహజీవితపు సుఖదుఃఖము లెరిగినదైనచో బోధన మరింత సారవంత మగును గాని కొరవడదని యామె వాదము. 1930ల ప్రారంభమున ఆమె ధర్మకర్తల నొప్పించి, ప్రసవించు ఉపాధ్యాయినికి అర్ధసంవత్సరము పూర్తి జీతముతో గాని, సంవత్సరము సగము జీతముతో గాని సెలవు నేర్పరచెను. ఆ దేశమున ఉద్యోగుల కిట్టి సెలవు నిచ్చు కేంద్రప్రభుత్వ చట్టము 1993లో గాని రాలేదు. అదియును జీతము లేని 12 వారములు మాత్రమే. ఆ చట్టమునకు అరువదేండ్లు ముందే, తనకు బిడ్డలు లేని యొక స్త్రీ బిడ్డలు గలవారి కొరకు జీతముతో గూడిన సెలవు సాధించినదన్న సంగతి మన సోదరీమణులు మరువరాదు. తనకు లేని యవసరమును పరుల విషయమున గుర్తించుటయే గదా పెద్దరికము.

ఆమె కార్యము స్వదేశమునకే పరిమితమై యుండలేదు. 1918లో ఇంగ్లండునుండి యొక విద్యాప్రతినిధివర్గము అమెరికాకు వచ్చెను. అందు ఇద్దరు స్త్రీలు: లండను విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యాచార్యురాలు కరోలిన్ స్పర్జన్, బర్మింగ్‌హామున చరిత్ర బోధించు రోజ్ సిడ్జ్‌విక్. మొదటి ప్రపంచయుద్ధము ముగియుచున్న ఆ దినములలో, దేశదేశముల విద్యావతులు ఒకరినొకరు ఎరిగియున్నచో మరల నిట్టి ఘోరము జరుగకుండ తమ శక్తికొలది పాటుపడవచ్చునని ఈ మువ్వురును తలపోసిరి. రోజ్ సిడ్జ్‌విక్ ఆ డిసెంబరులోనే ఇన్‌ఫ్లూయెంజా జ్వరమునకు న్యూయార్కులో బలియయ్యెను. మిగిలిన యిద్దరును ఆ తలపును విడువక, 1919లో అంతర్జాతీయ విశ్వవిద్యాలయ మహిళాసమాఖ్యను స్థాపించిరి. ఇంగ్లండున ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టము లిచ్చుట 1920లోను, కేంబ్రిడ్జి పూర్తి హక్కులతో నిచ్చుట 1948లోను అని జ్ఞాపక ముంచుకొన్నచో, ఈ సమాఖ్య యెట్టి కాలమున పుట్టినదో తెలియగలదు. గిల్డర్‌స్లీవ్ రెండుమారులు దీని యధ్యక్షురాలయ్యెను. తరువాతి దశాబ్దములలో స్వదేశములనుండి తరుమబడిన విదుషీమణులకు ఈ సమాఖ్య యాశ్రయము చూపెను. పేరు మార్చుకొని యిది నేటికిని నిలిచియున్నది.

రెండవ యుద్ధకాలమున, 1942లో, అమెరికా నౌకాదళమున స్త్రీలను చేర్చుకొను విభాగ మేర్పడగా, దాని సలహాసంఘమునకు ఈమె యధ్యక్షత వహించెను. ఆ విభాగమునకు అలలు అను నర్థము వచ్చు పేరు కూర్చినది బర్నార్డున ఆంగ్లము బోధించు ఎలిజబెత్ రేనార్డ్. సాహిత్యము చదివినవారు యుద్ధకాలమున నెందు కక్కరకు వత్తురని హాస్యమాడువారు కలరు. ఈ యిద్దరు ఆంగ్లోపాధ్యాయినులు వారికి తగిన జవాబు.

ఆమె జీవితమున కెల్ల శిఖరమనదగిన ఘట్టము 1945లో వచ్చెను. యుద్ధానంతరము ప్రపంచశాంతికై యొక సంస్థ నేర్పరచుటకు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఏప్రిల్ 25 మొదలు జూన్ 26 వరకు 50 రాజ్యముల ప్రతినిధులు సమావేశమైరి. అమెరికా ప్రతినిధివర్గమునకు రూజ్‌వెల్టు నియమించిన వారిలో ఏకైక స్త్రీ గిల్డర్‌స్లీవ్. ఆమెకు ఆర్థిక, సాంఘిక వ్యవహారముల విభాగము లభించెను. సేనల సంగతి, భద్రతామండలి సంగతి పురుషులు తమయొద్ద నుంచుకొని, తక్కినవి ఆమెకు విడిచినట్లున్నది. కాని తక్కినవి యనబడినవి యెవ్వి? జనుల యన్నవస్త్రములు, ఉద్యోగములు, ఆరోగ్యము, మానవహక్కులు! జీవనప్రమాణములు పెంపొందించుట, అందరకు పని కల్పించుట సమితి యాశయములలో చేరునట్లును, మానవహక్కుల సంఘ మొకటి తప్పక యేర్పడవలెనని అధికారపత్రములోనే వ్రాయబడునట్లును ఆమె పాటుపడెను. ఈ విషయములను చర్చించిన సంఘమునకు అధ్యక్షుడు మన కర్నూలు పట్టణమున 1887లో జన్మించిన ఆర్కాటు రామస్వామి మొదలియారు అని యెరిగినచో మన పాఠకురాండ్రకు సంతోషము కలుగక మానదు. మరుసటి యేట ఆర్థిక సాంఘిక మండలికి తొలి యధ్యక్షుడును ఆయనయే.

ఆ మహాసభలో ఆంగ్లాచార్యురాలికి మరియొక పని తగిలెను. అధికారపత్రమునకు పీఠిక కావలెను. దక్షిణాఫ్రికా నాయకుడు స్మట్సు వ్రాసి తెచ్చిన పీఠిక, ఒడంబడిక చేసికొను ప్రభుత్వముల పేర ప్రారంభమగు దస్తావేజు భాషలో నుండెను. సామాన్యజనులు గోడకు తగిలించుకొని చదువుకొన దగినదిగా నుండవలె నని గిల్డర్‌స్లీవ్ కోరిక. ప్రభుత్వముల పేర గాక ప్రజల పేర అది ప్రారంభము గావలెనని ఆమెయు, ఆమె సహచరుడు సోల్ బ్లూమును పట్టుబట్టిరి. ఆ మొదటి మాటలు నిలిచినవి. తక్కిన వాక్యములను కుదించి సరళము చేయవలెనని యామె చేసిన ప్రయత్నము పూర్తిగా ఫలింపలేదు. వ్యాసములు దిద్ది దిద్ది చేయి తిరిగిన యుపాధ్యాయినికి, ప్రపంచమంతయు సంతకము చేయు వ్యాసమును దిద్దనీయకుండుట కష్టముగనే తోచియుండును!

ఇచట నొక వివాదమును దాచక చెప్పవలెను. ఆ పత్రముపై సంతకము చేసిన స్త్రీలు నలుగురే: గిల్డర్‌స్లీవ్, బ్రెజిలు ప్రతినిధి బెర్తా లుట్జ్, డొమినికను రిపబ్లికు ప్రతినిధి మినెర్వా బెర్నార్డినో, చీనాదేశమున మహిళాకళాశాల యధ్యక్షురాలగు వూ యీఫాంగ్. స్త్రీలను పేరుపెట్టి చెప్పనిదే లోకము వారిని మరచునని లుట్జ్, బెర్నార్డినోల మతము. స్త్రీలు పురుషులతో సమానముగా పని చేసి చూపవలెను గాని ప్రత్యేకముగా నడుగుట యనవసరమని గిల్డర్‌స్లీవ్ మతము. ఆమె తమకు తోడు రాలేదని లుట్జ్ మిక్కిలి బాధపడెను. ఎవరి మాట నెగ్గినది? స్త్రీపురుషుల సమానహక్కులను గూర్చిన మాట పీఠికలో నిలిచినది. తరువాత మానవహక్కుల సంఘమున మన దేశపు హంసా మెహతా కూర్చుండి, సర్వజన హక్కుల ప్రకటన ముసాయిదాలో పురుషులందరు అను నర్థమిచ్చు పదమును తీయించి, మానవులందరు అని మార్పించెను. 1948 డిసెంబరు 10వ తేదీన ఆ ప్రకటన ఆమోదింపబడెను. మాట ముఖ్యమే యని లుట్జ్ పక్షమును హంసా మెహతా ఋజువు చేసెను. కాని ఆమె కూర్చున్న యాసనము నేర్పరచిన సూత్రము కొరకు పాటుపడినది గిల్డర్‌స్లీవ్. కావున ఈ విషయమున ఒకరి పని లేక మరియొకరి పని నెరవేరెడిది కాదని మా యభిప్రాయము.

అంతకంటె పెద్దలోప మొకటి యామె పాలనయందు కలదు. యూదుజాతి స్త్రీ పూనికతో పుట్టి, జాకబ్ షిఫ్ అను యూదు ధనికుని సొమ్ముతో విద్యార్థినీమందిరము కట్టుకొన్న కళాశాలలో, వలస వచ్చిన పేద యూదుకుటుంబముల బాలికల సంఖ్యను అదుపులో నుంచుటకు ప్రయత్నములు జరిగెను. పరీక్షలోని మార్కులతోబాటు ముఖాముఖి సంభాషణలును, సిఫారసు లేఖలును చూచుట, దూరరాష్ట్రముల బాలికల నెక్కువగా పిలుచుట యను పద్ధతులవలన మార్కులున్న బాలికలును వెలుపలనే నిలిచిరి. నల్లజాతి బాలికల కచట చోటు మరింత తక్కువ. జోరా నీల్ హర్‌స్టన్ అను ప్రసిద్ధ రచయిత్రి 1928లో ఆ కళాశాలయందు పట్టమందిన తొలి నల్లజాతి స్త్రీ; ఆమెను చేర్పించుటకు పూనుకొన్నది ఆనీ మేయరే. అనుమతుల చరిత్ర నంత బాగుగా నెరిగిన విదుషి, తన చేతిలోని యనుమతిచీటి విషయమున అందరియెడ సమదృష్టి చూపలేకపోయెను. గొప్పవారి చరిత్ర చదువునపుడు ఈ భాగమును మడిచి దాచుట వారికిని గౌరవము గాదు, మనకును మేలు గాదు. మనము కష్టపడి లోనికి వచ్చిన తలుపును మన వెనుక వచ్చువారికి మూయుచున్నామేమో యని ప్రతి యింటను, ప్రతి సంఘమునను పరీక్షించుకొనుటకు ఇది యుపకరించును.

1946లో జపానుదేశపు విద్యావిధానమును సంస్కరించుటకై వెళ్ళిన అమెరికా విద్యాప్రతినిధివర్గమున ఆమె యొక సభ్యురాలు. 1947లో పదవి విరమించెను. 1954లో స్వీయచరిత్రమును ప్రకటించెను. 1965 జులై 7వ తేదీన తన యెనుబదియెనిమిదవ యేట మరణించెను. పలువురు శిష్యురాండ్రు వైద్యులై, న్యాయవాదులై, ఆచార్యులై దేశమంతట వ్యాపించి యుండుట చూచియే యామె కన్నుమూసెను.

ఆమె స్థానమున 1947లో డీనుగా వచ్చినది మిల్లిసెంట్ మెకింటాష్. ఆమెయు ఆంగ్లసాహిత్యమున డాక్టరు పట్టము నందిన విదుషియే. అయిదుగురు బిడ్డల తల్లి. 1900లో ఒక బిడ్డను గర్భమున మోయుచున్నందున డీను ఆ యాసనము విడిచి వెడలిపోయినది. 1947లో అయిదుగురు బిడ్డల తల్లిని ధర్మకర్తలు పిలిచి అదే యాసనమున కూర్చుండబెట్టిరి. ఈ నలువదియేడేండ్లలో లోకము తనంతట తాను మారలేదు. వినతిపత్రములు, విరాళములు, సమావేశములు, సెలవు నియమములు అను చిన్నచిన్న పనులచే నది మార్పబడినది. మా సోదరీమణులలో విద్యాసంఘములందు, పాఠశాలా కమిటీలందు, కార్యాలయములందు అధికారము గలవారు పలువురు కలరు. వారి చేతిలోని యే నియమము నేడు ఏ తల్లి నింటికి పంపుచున్నదో, ఏ బాలికను గడపయొద్ద నిలుపుచున్నదో యొకమారు తెరచి చూతురు గాక.